స్టార్టర్ మీద తువ్వాలు

గడచిన వారం అర్చనను గజపతినగరం దాటాక రోడ్డు పక్కన బస్సు దిగుతుండగా వదిలిపెట్టాం. చంపావతి ఏటి ఒడ్డున ఉన్న ఎత్తిపోతల పంపుహౌసులో, పదిహేను రోజుల క్రితం ఒక మధ్యాహ్నం, ఎవరూ మీట నొక్కకుండానే మోటారు తిరిగింది. ఆపరేటర్ నూకయ్య కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. ఆ మోటారును నడిపించే ప్రోగ్రాము రాసింది మనిషి కాదు, ఏఐ ఏజెంటు. రాసే ముందు ఆ పంపుహౌసు సంగతులన్నీ దానికి తెలియజెప్పవలసిన మనిషి అర్చన. ఇప్పుడు ఆమె సంచిలో ఒక కాగితం, ఒక ఇంకు ప్యాడు ఉన్నాయి. తప్పు నాదేనని నూకయ్య చేత ఒప్పించుకు రమ్మని కంపెనీ పంపింది. రేపు పదింటికి రైతుల సొసైటీ కమిటీ కూర్చుంటుంది. ఆ కాగితం కమిటీ ముందు పడితే ముప్పై ఏళ్ళ పంపు నూకయ్య చెయ్యి జారిపోతుంది.

*

బస్సు దిగినచోటి నుంచి ఊళ్ళోకి కిలోమీటరు దూరం. చక్కటి సిమెంటు రోడ్డే. అయినా ఇసకలో నడుస్తున్నట్టు అర్చన కాళ్ళు ఈడ్చుకుపోతున్నాయి. ఈ పదిహేను రోజులూ ఆమెకు నిద్ర పట్టకపోతే బాగుండేది. పట్టింది. పడుకోగానే నిద్ర, లేవగానే అలసట. రాత్రి అలసటను ఎవరో జాగ్రత్తగా దాచిపెట్టి, తెల్లారగానే తూకం తగ్గకుండా తిరిగి అప్పగిస్తున్నట్టు ఉండేది.

శ్రావణం సగం గడిచినా చినుకు లేదు. నాట్లు ఊడ్చిన మడుల్లో నీరు ఇంకిపోయి, నారు మొదళ్ళ దగ్గర మట్టి బీటలు తీస్తోంది. రోడ్డు మలుపులో కరెంటు స్తంభం మీద ఇద్దరు లైన్‌మన్లు పని చేస్తున్నారు. కింద నిలబడి తల పైకెత్తిన రైతు ఒకడు అరుస్తున్నాడు.

"ఒరే బాబీ, ఎప్పుడిస్తార్రా కరెంటు? మడి ఎండిపోతన్నాది."

"పన్నెండుకి ఇచ్చీమని సెప్పినాను బావా సబ్‌స్టేషన్‌కి. అంతవరకూ నన్ను బతకనీ."

అర్చన ఒక్క క్షణం ఆగింది. లైను ఆపామని అవతలివాడు మాట ఇస్తేనే ఈ కుర్రాడు స్తంభం ఎక్కుతాడు. ఆ మాట ఎక్కడో రాసుంటుంది. ఆమె చూపు తిప్పుకుని నడిచింది.

సంచిలో ఫోను మోగింది. విజయనగరం ఆఫీసు నుంచి ఉపేంద్ర. వయసులో ఆమె కన్నా మూడేళ్ళు చిన్న, పదవిలో పైవాడు.

"అర్చనా, అయిందా సంతకం?"

"ఇంకా ఇంటికి వెళ్ళలేదు."

"ఎమోషనల్ అవకండి. మనం అబద్ధం ఏమీ రాయించట్లేదు కదా. స్విచ్చి మాన్యువల్‌లో పెట్టలేదు, అది నిజం. అంతే. పైగా దిగువ పంపు కూడా నిన్న సాయంత్రం ఆటోమేటిక్‌లో పెట్టేశాం. మీ ఫైలే మోడల్. ఊరి పేరు మార్చి ఇస్తే ఏజెంటు గంటలో ప్రోగ్రాము రాసేసింది. మీరు సంతోషపడాలి."

ఆమె సంతోషపడలేదు, బాధపడనూ లేదు. మాటలు చెవిదాకా వచ్చి, లోపలికి రావడానికి ఓపిక లేనట్టు అక్కడే కూర్చున్నాయి.

ఆ ఫైలు ఆమె రాసిందే. ఏజెంటుకు ప్రపంచంలోని మోటార్లన్నిటి గురించీ తెలుసు. ఈ ఒక్క మోటారు గురించి మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి. అందుకని అయిదు రోజులు పంపుహౌసులో కూర్చుని, నూకయ్యను అడిగి అడిగి, నోటుబుక్కులో రాసుకుంది. రెండో వాల్వు చక్రం అన్నిటికీ ఎదురు తిరుగుతుంది. పక్కన రైసుమిల్లు మొదలైతే ఓల్టేజీ పడిపోతుంది, కాబట్టి కరెంటు వచ్చాక తొంభై సెకన్లు ఆగి మోటారు వెయ్యాలి. ఎగువ కాలువ వాళ్ళకు నారుమడి రోజుల్లో ముందు వంతు. మోటారు ఎవరు ఆపినా కారణం రాయించాలి, లేకపోతే నచ్చని వాడల్లా ఆపేస్తాడు. ఇలా నలభై మూడు వాక్యాలు. ఏజెంటు ఏదీ ఎందుకని అడగలేదు, ఒక్కటీ మరిచిపోలేదు.

నలభై మూడు. ఆ అంకె దగ్గరకు వచ్చేసరికి ఆమె ఆలోచన ప్రతిసారీ ఆగి, ఎదురుగా తెలిసిన మనిషి కనబడ్డట్టు పక్క సందులోకి తప్పుకునేది.

*

నూకయ్య వీధి పంచలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. కట్టు కట్టిన కుడిచెయ్యి ఒళ్ళో ఉంది, పరాయివాళ్ళ వస్తువును జాగ్రత్త చేస్తున్నట్టు.

"ఎవులూ, సావుకారి పాపేనేటి? రా, రా. ఎండలో నడిసొచ్చినావా? పోను సేస్తే బండి అంపుదును గదా."

"ఎవులు నడుపుతారు ఆ బండి? నువ్వా, ఆ సేత్తోనా?" అంది లోపల్నుంచి అతని భార్య ఈశ్వరి.

"మీ తమ్ముడు లేడేటి? లక్ష్ముడు పొద్దున్నే వొచ్చి, బొండాలు పడీసి, ఇందాకే గదా ఎల్లాడు." అర్చన వైపు తిరిగాడు. "దిగువ పంపు ఆడిదే. పని నేర్పింది నానే. అక్కని నాకిచ్చినందుకు మావోళ్ళకి ఆ మాత్రం సెయ్యాలి గదా."

"నొప్పి ఎలా ఉంది బాబాయ్?"

"పోయిన ఏళ్ళే నొప్పెడతన్నాయి పాపా. ఉన్నవి బాగానే ఉన్నాయి. డాట్రు బాబుని అడిగితే అలాగే ఉంటాదన్నాడు. బీడీకి రెండు సాలు, ఇంకా ఒకటి మిగులున్నాది."

నవ్వాడు. నవ్వవలసిన బాధ్యత తనమీద పడ్డందుకు అర్చన కూడా నవ్వింది. ఈశ్వరి గ్లాసుతో సోడంబలి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. పులిసిన రాగిజావ, చల్లగా, పుల్లగా ఉంది. చీపురుపల్లిలో తండ్రి జగన్నాధం కొట్టు వెనక గదిలో చిన్నప్పుడు తాగినదీ ఇదే. పంపుసెట్ల సామాను కొట్టు అది. మోటారుకూ పంపుకూ మధ్య తిరిగే ఇరుసు దగ్గర నీరు కారకుండా చుట్టే నల్లటి గ్లాండు తాడును మూరల్లెక్కన కోసి రైతులకు ఇచ్చేది. వేళ్ళకు గ్రాఫైటు మసి అంటుకునేది. ఈ నూకయ్య కూడా ఆ తాడు కోసం ఆ కొట్టుకు వచ్చేవాడు. అందుకే ఇంకా సావుకారి పాప అంటాడు.

గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టింది. తర్వాత ఆమె కాగితం తీసింది.

"ఆఫీసు వాళ్ళు పంపించారు. చదువుతాను. 'నేను, ఆటోమేటిక్‌లో ఉన్న స్విచ్చిని మాన్యువల్‌కు మార్చకుండానే మరమ్మతు పనిలో చెయ్యి పెట్టాను. ఈ ప్రమాదం నా నిర్లక్ష్యం వల్లనే జరిగింది.'"

"నిజమే గదా," అన్నాడు నూకయ్య తేలిగ్గా. "మార్సనేదు."

"ఎందుకు మార్సనేదో రాసినారా అందులో?" ఈశ్వరి గుమ్మం దిగి వచ్చింది. "ఆ స్విచ్చి పెట్టి ముట్టుకోవద్దు, ముట్టుకుంటే ఇజీనారంలో ఎర్రలైటు ఎలుగుతాది, నీ పేరు పడతాది అని సెప్పినోడెవుడు? మీ ఉపేంద్రే గదా? నువ్వూ పక్కనే ఉన్నావంట."

"ఉన్నాను పిన్నీ."

"మరి?"

"ఒసే, ఆ పిల్లనెందుకు అంటావు? పంపితే వొచ్చింది." నూకయ్య కాగితం వైపు చూశాడు. "ఎక్కడెయ్యాలి? సంతకం వొచ్చినోణ్ణి, ఈ యేల ముద్ర ఎయ్యాలి. అదొక్కటే ఎలాగో ఉన్నాది."

ఆమె ప్యాడు తియ్యలేదు. సంచిలోనే వేళ్ళ చివర్లతో దాని మూతను తెరుస్తూ మూస్తూ కూర్చుంది.

"నాకు తెలీనిది ఒకటున్నాది పాపా," అన్నాడతను. "ముప్పై ఏళ్ళలో తువ్వాలు తగిలించకుండా నాను గ్లాండు ముట్టుకోనేదు. ఆ రోజూ తగిలించినాను. అందరూ సూసినారు, నన్ను మోసుకెల్లినప్పుడు కూడా స్టార్టర్ మీదే ఉన్నాది."

అది ఆ ఆయకట్టులో అందరికీ తెలిసిన సంగతే. మోటారును వేసే, ఆపే స్టార్టర్ పిడికి నూకయ్య తువ్వాలు వేలాడుతుంటే లోపల మనిషి ఉన్నట్టు. సొసైటీ అధ్యక్షుడు భీమశంకరరావు గారైనా దాన్ని తీసి మీట నొక్కరు. ఒక ఏడు దేవేంద్ర అనే రైతు, మడి చచ్చిపోతోందని ఏడ్చుకుంటూ వచ్చి, ఆ తువ్వాలు ముందు గంటసేపు కూర్చుని నూకయ్య వంశాన్నంతా తిట్టాడట. తిట్టాడే గాని చెయ్యి చాపలేదు. ఈ కథ నూకయ్య మూడో రోజున చెప్పాడు. అర్చన నవ్వి, రాసుకుంది.

"నా ఎదురుగానే రాసినావు. కింద గీత కూడా గీసినావు. నువ్వు రాసినావు, ఆ మిషనే సదవనేదు. అంతే గదా? రేపు కమిటీలో అదే సెప్తాను. పాప తప్పేటీ నేదు అని."

అతను తన పక్షాన నిలబడటానికి సిద్ధపడుతున్నాడని అర్థమయ్యేసరికి ఆమెకు కూర్చున్న చోటే ఒళ్ళు బరువెక్కింది. ఊరుకుంటే చాలు. అబద్ధం కూడా ఆడనక్కర్లేదు. అతను అంటాడు, తను వింటుంది. సాయంత్రం బస్సుకు ఇంటికి పోవచ్చు. నిద్ర కూడా పడుతుంది.

ఈశ్వరి మాత్రం ఆమె ముఖంలోకి చూస్తోంది. కోపంగా కాదు. నీళ్ళ అడుగున పడ్డ వస్తువును చూసేటంత ఓపికగా.

"రాసిన ముక్క ఒక్కటీ ఒదలదని మీ ఉపేంద్ర కమిటీలో గొప్పగా సెప్పినాడంట. వాల్వు ఎదురు తిరుగుతాదని రాస్తే ఎదురే తిప్పిందంట. మరి ఈ ముక్కేల ఒదిలీసింది?"

అర్చన సంచిలో ప్యాడు మూత మూసేసింది.

"పాపా, నిన్నే."

"రాసి తీసేశాను పిన్నీ."

నూకయ్య అర్థం కానట్టు భార్యను చూశాడు. "ఏటంటన్నాది?"

"పుస్తకంలో ఉంది బాబాయ్. దానికి ఇచ్చిన ఫైలులో లేదు. అందులో కూడా రాశాను ముందు. తర్వాత తీసేశాను."

"ఎవులు తియ్యమన్నారు?"

"ఎవరూ అనలేదు."

అనలేదు. ఆ సాయంత్రం ఆఫీసులో ఆమె ఒక్కతే ఉంది. నలభై నాలుగో వాక్యం, స్టార్టర్ మీద తువ్వాలు ఉంటే లోపల మనిషి ఉన్నట్టు, అని రాసింది. మర్నాడు ఉపేంద్ర, విశాఖపట్నం నుంచి మరో ఇద్దరు ఆ ఫైలు చదువుతారని గుర్తొచ్చింది. ఆంపియర్లు, ఓల్టులు, సెకన్ల మధ్య ఒక తువ్వాలు. నవ్వేవాళ్ళెవరూ లేని ఆ గదిలో ఆమెకు నవ్వు వినిపించింది. ఆ నవ్వు ఆమెకు పాతదే. ఇంజనీరింగు కాలేజీ ల్యాబులో, పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వు కారుతుంటే ఏం చేస్తారని మేష్టారు అడిగితే, పేడనీళ్ళు పోస్తారు సార్ అంది. మా వైపు అలాగే ఆపుతారని కూడా చెప్పబోయింది. క్లాసంతా నవ్వి చెప్పనివ్వలేదు. నాలుగేళ్ళు ఆమె పేరు పేడనీళ్ళు.

అందుకే తీసేసిందా? పదిహేను రోజులుగా తప్పుకు తిరిగిన సందు చివరికి ఇక్కడే తేలింది గనక నమ్మాలనిపిస్తుంది. కానీ ఈ కారణం మరీ చక్కగా అతికింది. చిన్ననాటి అవమానం దొరికితే మనిషికి పెద్ద తప్పు మోయడం సులువవుతుంది. నిజానికి ఆ సాయంత్రం ఆమె అలసిపోయి ఉంది, అంతే కావచ్చు. మనిషి ఉన్నట్టు అన్న మాటను ప్రోగ్రాములోకి ఎక్కించాలంటే దానికొక స్విచ్చి పెట్టాలి, స్విచ్చి పెట్టాలంటే ఉపేంద్రను ఒప్పించాలి, ఒప్పించాలంటే మాట్లాడాలి. ఒక్క మీట నొక్కితే వాక్యం పోయింది. నొక్కింది.

"నవ్వుతారని తీసేశాను," అంది పైకి.

"ఎవులు?"

"ఆఫీసులో వాళ్ళు."

"నా తువ్వాలు సూసి నవ్వుతారా?"

కోపమైతే ఆమె తట్టుకునేదే. నూకయ్య ముఖంలో సిగ్గు కనిపించింది. భుజం మీద తువ్వాలు ఉందో లేదో తడుముకున్నట్టు ఎడమచెయ్యి ఒకసారి పైకి లేచి, ఖాళీ భుజాన్ని తాకి దిగిపోయింది. ఆసుపత్రిలో వేళ్ళు పోయాయని చెప్పిన రోజు కూడా ఆ ముఖం అలా లేదు.

"ఇటు తే," అన్నాడు మెల్లగా. "ఆ ప్యాడు తే. ముద్ర ఏస్తాను."

"ఎందుకెయ్యాలి?" అంది ఈశ్వరి.

"అలిసిపోయానే. నాకా పంపొద్దు. తువ్వాలు ఏసినా తిరిగే మోటారు కాడ నానేటి సేస్తాను?"

అతను చెయ్యి చాపి ఉంచాడు. అర్చన ప్యాడు ఇవ్వలేదు. కాగితం మడిచింది. మడిచి ఏం చెయ్యాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. రేపు కమిటీలో తనే నిలబడి చెప్పాలన్న ఆలోచన వచ్చింది గాని, అది కూడా ఎవరో చెప్పగా విన్నట్టు దూరంగా ఉంది.

"ఒక్కటి సెప్పు." నూకయ్య చాపిన చెయ్యి అలాగే ఉంది. "దిగువ పంపుకైనా రాసినావా?"

"ఏది?"

"తువ్వాలు సంగతి. నిన్న దానికీ పెట్టి తగిలించినారంట గదా, లక్ష్ముడు సెప్పినాడు. దానికైనా రాసినావా, అదీ తీసీసినావా?"

ఉపేంద్ర మాటలు ఇప్పటిదాకా చెవి దగ్గరే కూర్చుని ఉన్నాయి. ఇప్పుడు లేచి లోపలికి వచ్చాయి. మీ ఫైలే మోడల్. ఊరి పేరు మార్చి ఇచ్చాం.

"అదే ఫైలు బాబాయ్. నలభై మూడే."

నూకయ్య లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది.

"ఆడు గ్లాండు తాడు పట్టుకెల్లినాడే," అన్నాడు భార్యతో. "నా పాత తాడు ముక్క, ఇక్కణ్నుంచే. కరెంటు లేదు గదా, ఈ యేలే మార్సీ అని నానే సెప్పినాను."

"పోను సెయ్యి!"

"తియ్యడే. సొక్కా ఇప్పి బయట తగిలిస్తాడు, పోను దాన్లో ఉంటాది. తువ్వాలు స్టార్టర్ మీద ఏస్తాడు. నాను నేర్పినట్టే."

దిగువ పంపు అక్కడి నుంచి ఏడు మైళ్ళు. ఈశ్వరి అప్పటికే తమ్ముడి నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. అవతల మోగుతోంది, మోగుతూనే ఉంది.

అర్చన సంచిలోంచి తీసిన ఫోను చేతిలో ఒకసారి వణికింది. తెర మీద పంపుల యాప్ అక్షరాలు, ఆమె కోరిన తెలుగులోనే, తప్పుల్లేకుండా వచ్చాయి.

దిగువ పంపు. త్రీఫేజ్ కరెంటు వచ్చింది. మోటారు మొదలు కావడానికి 90 సెకన్లు.

ఆ తొంభై కూడా ఆమె రాసిందే. ఆపు అన్న ఎర్ర గుర్తును నొక్కింది. లెక్క ఆగలేదు. ఖాళీ గడి ఒకటి తెరుచుకుంది.

ఆపడానికి కారణం రాయండి.

సిగ్నలు ఒక్క గీత. వీధిలోకి పరుగెత్తింది. 71. వేళ్ళు తడిశాయి, అక్షరాలు పడటం లేదు. తెర మీదికి ఉపేంద్ర పేరు ఎక్కింది, సంతకం అయిందా అని అడగడానికి కాబోలు. కొట్టేసింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ కొట్టేసింది. 38. కారణం అంటే ఏదో ఒకటి రాయవచ్చు. మరమ్మతు అనో, ఓల్టేజీ అనో. ఆ రెండూ ఆమెకు తట్టలేదు. ఏది రాసినా ఆమె పేరుతో, తేదీతో, ఎవరూ తుడవలేని చోట ఉండిపోతుందన్నది కూడా ఆ క్షణాన తట్టలేదు. వేళ్ళకు ఒక్క వాక్యమే తెలుసు. ఒకసారి రాసినదే.

స్టార్టర్ మీద తువ్వాలు ఉంటే లోపల మనిషి ఉన్నట్టు.

పంపించు అన్న గుర్తు నొక్కింది. తెర మధ్యలో చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. పక్కన 19.

నూకయ్య ఆమె వెనక వచ్చి నిలబడ్డాడు. కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని, ఆమె భుజం మీదుగా ఆ అక్షరాలను కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. తువ్వాలు అన్న మాట దగ్గర అతని పెదవులు ఆగాయి.

11.

పంచలో ఈశ్వరి చెవి దగ్గర ఫోను ఇంకా మోగుతూనే ఉంది.

"ఆగినాదా?" అని కేకేసింది.

చక్రం తిరుగుతోంది. 6.